స్కూల్ లంచ్ ఆడిట్: క్యాష్ రిజిస్టర్ దగ్గర నిలబడి చూస్తేనే తెలిసే సంగతులు

(డాలస్ దగ్గర, అకౌంటింగ్, ఆడిట్ ఉద్యోగాల్లో ఉన్న తెలుగువాళ్లు, కొంతమంది పేరెంట్స్ కలిసిన మీటింగ్‌లో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారం అండీ. ఇవాళ నేను చెప్పబోయేది ఇక్కడ స్కూళ్లలో పిల్లలకి పెట్టే భోజనం గురించి, దానికి ఫెడరల్ గవర్నమెంట్ ఇచ్చే డబ్బు గురించి, ఆ డబ్బు లెక్క సరిగ్గా ఉందా లేదా అని మనలాంటి ఆడిటర్లు ఎక్కడ చూడాలి అన్నదాని గురించి. ఆడిట్ అనగానే ఎవరు తిన్నారు డబ్బు అనే ఆలోచనే వస్తుంది చాలామందికి, నేను అడిగేది రెండు విషయాలు, తినాల్సిన పిల్లకి తిండి అందిందా, అందిన తిండికే బిల్లు పెట్టారా. ఎక్కువ క్లెయిమ్ చేసింది మాత్రమే పట్టుకుని, అర్హత ఉన్న పిల్లకి ఫ్రీ మీల్ రాకుండా పోయింది పట్టుకోకపోతే ఆ ఆడిట్ సగమే అయినట్టు, ఇది నేను గట్టిగా నమ్మే మాట.

కాస్త నేపథ్యం చెప్పి ముందుకెళ్తాను. నేషనల్ స్కూల్ లంచ్ యాక్ట్ మీద ప్రెసిడెంట్ ట్రూమన్ 1946 జూన్ 4న సంతకం పెట్టారు. బ్రేక్‌ఫాస్ట్ ప్రోగ్రామ్ 1966లో పైలట్‌గా మొదలై 1975లో పర్మనెంట్ అయింది. ఇప్పుడు రోజుకి దగ్గర దగ్గర 3 కోట్ల మంది పిల్లలు ఈ లంచ్ తింటున్నారు. డబ్బు వాషింగ్టన్‌లో యూఎస్‌డీఏ, అంటే ఫెడరల్ అగ్రికల్చర్ డిపార్ట్‌మెంట్, నుంచి రాష్ట్రానికి వస్తుంది, మన టెక్సస్‌లో అయితే స్టేట్ అగ్రికల్చర్ డిపార్ట్‌మెంట్ చూస్తుంది, అక్కడినుంచి స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే ఒక ప్రాంతంలో స్కూళ్లని నడిపే సంస్థకి. కానీ ఇది ముందుగా చేతికిచ్చే గ్రాంట్ కాదు, ప్లేట్ లెక్కన ఇచ్చే రీయింబర్స్‌మెంట్. పెళ్లిలో క్యాటరింగ్ వాళ్లకి ప్లేటుకి ఇంత అని మాట్లాడుకుంటాం కదా, అప్పుడు మనవాళ్లలో ఒకరిని డైనింగ్ హాల్ గుమ్మం దగ్గర ప్లేట్లు లెక్కపెట్టడానికి నిలబెడతాం, ఇక్కడ కూడా అంతే, ప్లేటు లెక్క ఎక్కడ పడుతుందో అక్కడే డబ్బు పుడుతుంది.

2024-25 స్కూల్ ఇయర్‌లో బేస్ రేట్లు చూడండి. ఫ్రీ కేటగిరీ పిల్ల లంచ్ తింటే 4 డాలర్ల 43 సెంట్లు, రెడ్యూస్డ్, అంటే తగ్గించిన ధర కట్టే పిల్ల అయితే 4 డాలర్ల 3 సెంట్లు, పెయిడ్, అంటే ఫుల్ డబ్బు కట్టే పిల్ల తింటే 42 సెంట్లు. అంటే పెయిడ్‌లో ఉండాల్సిన ఒక పిల్లని తప్పుగా ఫ్రీలో పెడితే ప్రతి లంచ్‌కి 4 డాలర్ల 1 సెంట్ తేడా, స్కూల్ ఇయర్ సుమారు 180 రోజులు అనుకుంటే ఒక్క పిల్ల మీద 700 డాలర్లు దాటుతుంది. అటువైపు నుంచి చూస్తే, ఫ్రీ రావాల్సిన పిల్లని పెయిడ్‌లో పెడితే ఆ భారం ఒక పేద ఇంటి మీద పడుతుంది, అది మన ఆడిట్ ఫైల్లో ఎక్కడా కనపడదు, మనం వెతికితే తప్ప.

సరే, కేటగిరీ ఎలా నిర్ణయిస్తారు. కుటుంబం ఆదాయం ఫెడరల్ పావర్టీ లెవెల్‌కి, అంటే గవర్నమెంట్ గీసిన పేదరికపు గీతకి, 130 శాతం లోపు ఉంటే ఫ్రీ, 130 నుంచి 185 శాతం మధ్య ఉంటే రెడ్యూస్డ్, ఇందులో లంచ్‌కి పిల్ల దగ్గర 40 సెంట్లకి మించి తీసుకోకూడదు. 2024-25లో నలుగురు ఉన్న ఇంటికి ఫ్రీ లిమిట్ ఏడాదికి 40,560 డాలర్లు, రెడ్యూస్డ్ లిమిట్ 57,720. స్నాప్ (పేద ఇళ్లకి తిండి కొనుక్కోవడానికి గవర్నమెంట్ ఇచ్చే సాయం) లాంటివి వస్తున్న ఇళ్ల పిల్లలు అప్లికేషన్ లేకుండానే డేటా మ్యాచింగ్‌తో వచ్చేస్తారు, దాన్ని డైరెక్ట్ సర్టిఫికేషన్ అంటారు. మిగతావాళ్లు ఫారమ్ నింపాలి, డిస్ట్రిక్ట్ 10 వర్కింగ్ డేస్‌లో తేల్చాలి.

ఇక్కడ ఒక తప్పు ఉంది, ఎంత చిన్నదో అంత ప్రమాదం. ఫారమ్‌లో జీతం ఎంత అని రాసి పక్కన ఎప్పుడెప్పుడు వస్తుంది అని టిక్ పెడతారు. రెండు వారాలకోసారి వచ్చే జీతం అయితే ఏడాదికి 26 సార్లు, నెలకి రెండుసార్లు వచ్చేదైతే 24 సార్లు. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి, క్లర్క్‌కి కూడా అలానే అనిపిస్తుంది, ఆగస్టులో వందల ఫారాలు టేబుల్ మీద ఉన్నప్పుడు ఇంకా. నలుగురున్న ఇల్లు, రెండు వారాలకి 1,580 డాలర్లు అనుకోండి. 26తో గుణిస్తే 41,080, లిమిట్ దాటింది, రెడ్యూస్డ్. పొరపాటున 24తో గుణిస్తే 37,920, ఫ్రీ అయిపోతుంది, డిస్ట్రిక్ట్ ఎక్కువ క్లెయిమ్ చేస్తుంది. ఇప్పుడు తిప్పి చూడండి. ఇంకో ఇంట్లో నెలకి రెండుసార్లు 1,600. 24తో గుణిస్తే 38,400, వాళ్లు ఫ్రీ. కానీ క్లర్క్ 26తో గుణిస్తే 41,600 వచ్చి రెడ్యూస్డ్‌లో పడతారు, ఆ పిల్ల రోజూ 40 సెంట్లు కట్టాలి. మొదటి తప్పు మన రిపోర్ట్‌లో ఫైండింగ్‌గా వస్తుంది. రెండోది వస్తుందా? శాంపిల్‌లో అప్రూవ్ చేసిన ఫ్రీ ఫారాలే తీసుకుంటే రానే రాదు. అందుకే నేను తిరస్కరించిన ఫారాల నుంచి కూడా శాంపిల్ తీస్తాను, రెడ్యూస్డ్ నుంచి కూడా, మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే చెప్పేది ఇదే.

తర్వాత వెరిఫికేషన్. అక్టోబర్ 1 నాటికి అప్రూవ్ అయిన అప్లికేషన్లలో 3 శాతం తీసి, మామూలుగా లిమిట్‌కి దగ్గరగా, అంటే నెలకి 100 డాలర్ల తేడాలో ఉన్నవాటి నుంచి తీసి, ఆ ఇళ్లకి జీతం కాగితాలు పంపమని లెటర్ పెట్టి, నవంబర్ 15 లోపు ముగించాలి. 610 అప్లికేషన్లు ఉంటే 18.3 వస్తుంది, దాన్ని 19 చెయ్యాలి, కిందకి దించకూడదు. లెటర్‌కి జవాబు రాకపోతే ఆ పిల్ల ఫ్రీ మీల్ ఆగిపోతుంది. నాకు ఇక్కడే మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే జవాబు ఇవ్వని ఇల్లంటే మోసం చేసిన ఇల్లని కాదు కదా, అడ్రస్ మారి ఉండొచ్చు, ఇంగ్లీష్ లెటర్ అర్థమై ఉండకపోవచ్చు, నైట్ షిఫ్ట్ చేసే తల్లి కవర్ విప్పి ఉండకపోవచ్చు. జవాబు రాకపోతే డిస్ట్రిక్ట్ కనీసం ఇంకోసారైనా ప్రయత్నించాలని రూల్ ఉంది. ఆ రెండో ప్రయత్నం నిజంగా జరిగిందా, ఏ తేదీన, ఫోనా, ఉత్తరమా, ఏ భాషలో, ఇది ఫైల్లో చూడండి. చాలాచోట్ల "ఫాలో అప్ చేశాం" అని ఒక్క లైన్ ఉంటుంది, అది ఎవిడెన్స్ కాదు.

ఇప్పుడు అసలు చోటుకి వద్దాం, లైన్ చివర క్యాష్ రిజిస్టర్. పాయింట్ ఆఫ్ సర్వీస్ అంటారు. రూల్ ప్రకారం పిల్ల ట్రే పూర్తయ్యాక, ఆ ట్రేలో రీయింబర్స్ చేయదగ్గ మీల్ ఉందని చూశాక, అప్పుడు లెక్క పడాలి. మీల్‌లో ఐదు రకాలు ఉండాలి, మాంసం లేదా దాని బదులు ఇంకేదైనా ప్రోటీన్, ధాన్యం, పండు, కూరగాయ, పాలు. ఆఫర్ వర్సెస్ సర్వ్, అంటే పిల్ల కొన్ని వద్దనుకునే వీలు, ఉన్నచోట పిల్ల కనీసం మూడు తీసుకుంటే చాలు, కానీ అందులో అర కప్పు పండో కూరగాయో కచ్చితంగా ఉండాలి. శాకాహారం తినే మన పిల్లలు చికెన్ వదిలేసి పండు, కూరగాయ, పాలు తీసుకున్నా సరే అది మీలే, క్లెయిమ్ చెల్లుతుంది. బర్గర్, పాలు తీసుకుని పండు ముట్టుకోకుండా వచ్చిన ట్రే మాత్రం చెల్లదు. ఈ తేడా క్యాషియర్‌కి ఒక్క చూపులో తెలియాలి, రోజుకి కొన్ని వందల ట్రేలు.

ఒక ఎలిమెంటరీ స్కూల్లో నేను చూసింది చెప్తాను. కిండర్‌గార్టెన్ పిల్లలకి పిన్ నంబర్ గుర్తుండదు కదా, అందుకని క్లాస్ వారీగా బార్‌కోడ్ షీట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి రిజిస్టర్ పక్కన ఉంచారు. క్లాస్ లోపలికి రాగానే, పిల్లలు ఇంకా ట్రేలు అందుకుంటుండగానే, క్యాషియర్ ఆ షీట్ మీద పైనుంచి కిందకి వరసగా స్కాన్ చేసేసింది. 22 బార్‌కోడ్లు. నేను ట్రేలు లెక్కపెడితే 19. మిగతా ముగ్గురు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుని అప్పటికే టేబుల్ దగ్గర మూతలు తీస్తున్నారు. ఆ క్యాషియర్ ఏమీ దొంగ కాదు, ఆవిడ చాలా మంచిది, పిల్లల పేర్లన్నీ తెలుసు, లంచ్ టైమ్ 25 నిమిషాలు, పక్కన ఉండాల్సిన రెండో మనిషి రాలేదు, లైన్ కదలాలి. కానీ ఆ మూడు స్కాన్లు సిస్టమ్‌లోకి వెళ్లాయి, సిస్టమ్ నుంచి నెల క్లెయిమ్‌లోకి వెళ్తాయి, ఆ తర్వాత ఆఫీసులో ఎంతమంది సంతకాలు పెట్టినా, ఎన్ని రీకన్సిలియేషన్లు చేసినా ఆ మూడు ప్లేట్లు నిజమైనవిగానే కనపడతాయి. పైగా డబ్బు కట్టే కేటగిరీ పిల్ల అయితే తినని లంచ్‌కి అకౌంట్‌లో డబ్బు కట్ అవుతుంది, అమ్మానాన్నలు ఫోన్ చేస్తారు, ఆ ఫోన్ కంప్లైంట్ల లాగ్ ఆడిటర్‌కి బంగారం, అడిగి తీసుకోండి.

క్లాస్‌రూమ్ బ్రేక్‌ఫాస్ట్‌లో కూడా ఇదే జబ్బు. టీచర్ హాజరు తీసుకుంటూ అదే టిక్‌ని మీల్ టిక్‌గా కొట్టేస్తారు. వచ్చిన పిల్లలందరూ తిన్నట్టే. మనకిది కొత్త కాదు, ఇండియాలో మధ్యాహ్న భోజనం మీద కాగ్ 2015లో ఇచ్చిన రిపోర్ట్ కూడా భోజనం చేసిన పిల్లల సంఖ్య ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తున్నారనే ఎత్తిచూపింది. దేశం ఏదైనా హాజరు లెక్క చేతిలో రెడీగా ఉంటుంది, ప్లేటు లెక్క ఎవరో ఒకరు నిలబడి పెట్టాలి, పని ఒత్తిడి పెరిగితే చెయ్యి దగ్గరున్న నంబర్ మీదకే పోతుంది.

దీన్ని ఆఫీసు నుంచి పట్టుకోవడానికి ఎడిట్ చెక్ అని ఉంది. ఒక స్కూల్లో ఫ్రీ పిల్లలు 400, అటెండెన్స్ ఫ్యాక్టర్, అంటే సగటున స్కూల్‌కి వచ్చేవాళ్లు, 93 శాతం అనుకోండి, రోజుకి 372 దాటితే ఎందుకో చూడాలి, క్లెయిమ్ పంపకముందే చూడాలి. మంచి కంట్రోలే, కానీ చాలామంది దాటిన రోజులే చూసి వదిలేస్తారు. నేను దాటనివి కూడా చూస్తాను. వరసగా ఐదు రోజులు 371, 371, 371 అని ఉంటే నాకు నిద్ర పట్టదు. పిల్లలు అలా తినరు కదా, పిజ్జా రోజు లైన్ పెరుగుతుంది, ఫీల్డ్ ట్రిప్ రోజు పడిపోతుంది, ఫ్లూ సీజన్‌లో క్లాసులకి క్లాసులే ఖాళీ. నిజమైన లెక్క ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాంతో పాటు కిచెన్ వాళ్లు రాసే ప్రొడక్షన్ రికార్డ్ తీసుకోండి, ఎన్ని వండారు, ఎన్ని వడ్డించారు, ఎన్ని మిగిలాయి. 300 మెయిన్ డిష్‌లు వండి 340 లంచ్‌లు క్లెయిమ్ చేస్తే ఆ 40 ట్రేల్లో ఏముందో అడగాలి. జవాబు ఉండొచ్చు కూడా, మెయిన్ డిష్ వద్దని పండు, కూరగాయ, పాలతో వచ్చిన పిల్లలు అయ్యుండొచ్చు, కానీ అడగాలి.

ఇక కొనుగోళ్ల వైపు. ఇల్లినాయ్‌లో షికాగో దగ్గర హార్వే స్కూల్ డిస్ట్రిక్ట్ 152 కేసు మీలో చాలామంది వినే ఉంటారు, చికెన్ వింగ్స్ కేసు. ఫుడ్ సర్వీస్ డైరెక్టర్ 2020 వేసవి నుంచి, కోవిడ్ వల్ల పిల్లలు ఇళ్లలో ఉన్న రోజుల్లో, డిస్ట్రిక్ట్ పేరు మీద 11,000 పెట్టెలకి పైగా చికెన్ వింగ్స్ ఆర్డర్ చేసి సొంతానికి తీసుకెళ్లారు, విలువ 15 లక్షల డాలర్లు. 2024లో 9 ఏళ్ల జైలు శిక్ష పడింది. ఎలా బయటపడింది అంటే, బిజినెస్ మేనేజర్ మామూలుగా ఏడాది మధ్యలో చేసే ఆడిట్‌లో ఫుడ్ బడ్జెట్ అప్పటికే ఏడాది మొత్తానికి ఇచ్చినదాని కంటే 3 లక్షల డాలర్లు దాటిపోయి ఉండటం చూశారు, ఇన్వాయిస్‌లు తీశారు, వింగ్స్ కనపడ్డాయి. ఎముకలుంటాయని ఆ డిస్ట్రిక్ట్‌లో పిల్లలకి వింగ్స్ అసలు పెట్టరు. మెనూ, ఇన్వాయిస్ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఎవరైనా ఒక్క మధ్యాహ్నం కూర్చుని ఉంటే మొదటి నెలలోనే తెలిసేది. అంచేత ఇన్వాయిస్ మీద సంతకం ఉందా, అమౌంట్ సరిపోయిందా అని మాత్రమే చూడకండి, ఈ సరుకు ఏ రోజు ఏ మెనూలోకి పోయింది అని అడగండి. ఆర్డర్ పెట్టే మనిషి, సరుకు దించుకునే మనిషి, బిల్లు ఒప్పుకునే మనిషి ఒక్కరే అయితే మిగతా టెస్టులన్నీ ఆపి ముందు అది రాయండి.

మిన్నెసోటాలో ఫీడింగ్ అవర్ ఫ్యూచర్ అనే స్వచ్ఛంద సంస్థ కేసు స్కూల్ డిస్ట్రిక్ట్‌ది కాదు, కానీ పిల్లల భోజనాలకి అదే యూఎస్‌డీఏ ఇచ్చే డబ్బు. 2022 సెప్టెంబర్‌లో కేసులు పెట్టినప్పుడు ప్రాసిక్యూటర్లు చెప్పిన మోసం లెక్క 25 కోట్ల డాలర్లు. ఒకచోట పిల్లల జాబితాలో పేర్లు ఇంటర్నెట్‌లో యాదృచ్ఛికంగా పేర్లు పుట్టించే సైట్ నుంచి తీశారు, వయసులు ఎక్సెల్ ఫార్ములాతో 7 నుంచి 17 మధ్య పడేలా చేశారు. కాగితం పక్కాగా ఉంది, పిల్లలే లేరు. కోవిడ్ టైమ్‌లో భోజనం పెట్టే చోటికి వెళ్లి చూసే నిబంధనలు సడలించారు, ఆ సందులోంచే ఇదంతా. ఎవరైనా లంచ్ టైమ్‌కి వెళ్లి నిలబడితే ఆ రోజే తేలిపోయేది.

కమ్యూనిటీ ఎలిజిబిలిటీ గురించి త్వరగా చెప్పేస్తాను. పేద పిల్లలు ఎక్కువున్న స్కూళ్లలో అప్లికేషన్లు లేకుండా అందరికీ ఫ్రీ, 2014 నుంచి దేశమంతా ఉంది, స్నాప్ లాంటివాటి ద్వారా డైరెక్ట్‌గా గుర్తించిన పిల్లలు స్కూల్లో ఇంత శాతం ఉండాలన్న అర్హతని 2023లో 40 నుంచి 25కి తగ్గించారు. డైరెక్ట్‌గా గుర్తించిన పిల్లల శాతాన్ని 1.6తో గుణిస్తారు, 50 శాతం అయితే 80 శాతం మీల్స్‌కి ఫ్రీ రేటు, మిగతా 20కి పెయిడ్ రేటు. పిల్లలు సిగ్గుపడకుండా తింటారు, నాకు చాలా ఇష్టమైన పద్ధతి. అయితే ఆడిటర్ పని తగ్గదు, మారుతుంది. ఏప్రిల్ 1 నాటి ఆ పిల్లల జాబితా సరైనదేనా అన్నది ఒకటి, మొత్తం ప్లేట్ల లెక్క రెండోది. ఎలాగూ అందరికీ ఫ్రీ కదా అని క్యాషియర్ దగ్గర లెక్క సడలిపోతే క్లెయిమ్ మొత్తం గాలిలో ఉన్నట్టే.

సింగిల్ ఆడిట్, అంటే ఫెడరల్ డబ్బు ఎక్కువ ఖర్చు పెట్టే సంస్థల మీద బయటి ఆడిటర్లు చేసేది, ఎలాగూ ఉంది కదా, ఇవన్నీ వాళ్లు చూడరా అని అడుగుతారు. ఏడాదిలో ఖర్చు పెట్టిన ఫెడరల్ డబ్బు 7 లక్షల 50 వేల డాలర్లు దాటితే సింగిల్ ఆడిట్ ఉండేది, 2024 అక్టోబర్ 1 తర్వాత మొదలైన ఫైనాన్షియల్ ఇయర్ల నుంచి అది 10 లక్షలు చేశారు. పైగా చైల్డ్ న్యూట్రిషన్‌ని, అంటే ఈ పిల్లల భోజనాల ప్రోగ్రామ్‌లని, ప్రతి ఏడాదీ మేజర్ ప్రోగ్రామ్‌గా, అంటే లోతుగా పరీక్షించేదిగా, తీసుకోరు. అందుకే డిస్ట్రిక్ట్ లోపలి ఆడిటర్ మీద బరువు ఎక్కువ.

(సభలో నుంచి ఒక అమ్మాయి: అక్కా, మీరు చెప్పిన ఆ క్యాషియర్ లాంటి వాళ్ల మీద రిపోర్ట్ రాస్తే వాళ్ల ఉద్యోగం పోదా?)

మంచిదే అడిగావు అమ్మా. పేరు రాయం. రాసేది ఏంటంటే, ఆ లైన్‌కి ఇద్దరు కావాల్సిన చోట ఒక్కరే ఉన్నారు, ట్రైనింగ్ ఇచ్చిన రికార్డ్ లేదు, బార్‌కోడ్ షీట్‌ని పిల్లే చేతిలో పట్టుకొచ్చేలా కార్డులుగా కట్ చేస్తే సరిపోతుంది, మేనేజర్ ఆ ఏడాదిలో ఒక్కసారి కూడా లైన్ దగ్గర నిలబడి చూసిన దాఖలా లేదు. ఒకటి కంటే ఎక్కువ స్కూళ్లున్న డిస్ట్రిక్ట్ ప్రతి స్కూల్లో లంచ్ లెక్క ఎలా పెడుతున్నారో ఫిబ్రవరి 1 లోపు వెళ్లి చూడాలని రూల్. ఆ ఫారాలు అడుగు. ముప్ఫై స్కూళ్లకి ఒకే తేదీ, ఒకే చేతిరాత ఉంటే తప్పు క్యాషియర్‌ది కాదని నీకే అర్థమవుతుంది.

(ఒక పెద్దాయన: అమ్మా, మా అబ్బాయి ఇక్కడ యూనివర్సిటీలో పీహెచ్‌డీ, పిల్ల ఫస్ట్ గ్రేడ్. వాళ్లలాంటి వాళ్లు అప్లై చెయ్యొచ్చా? కోడలికి సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు.)

చెయ్యొచ్చు బాబాయ్ గారూ. సంతకం పెట్టే పెద్దవాళ్ల నంబర్‌లో చివరి నాలుగు అంకెలు అడుగుతారు, లేకపోతే లేదు అని టిక్ పెట్టే గడి పక్కనే ఉంటుంది. ఆ గడి టిక్ పెట్టిన ఫారమ్‌ని అసంపూర్ణం అని వెనక్కి పంపడానికి వీల్లేదు. స్టైపెండ్ మీద నడిచే ఇళ్లు చాలావరకు లిమిట్ లోపలే ఉంటాయి, చెప్పండి వాళ్లకి, ఏడాది మధ్యలో అయినా ఇవ్వొచ్చు. ఇక్కడున్న ఆడిటర్లు కూడా వినండి, నంబర్ లేదని తిరస్కరించిన ఫారాలు ఎన్ని ఉన్నాయో మీ డిస్ట్రిక్ట్‌లో అడగండి.

(మరొకరు: తక్కువ క్లెయిమ్ చేసినట్టు మీకు దొరికితే ఆ డబ్బు తర్వాత వస్తుందా?)

నెల అయ్యాక 60 రోజుల్లోపు క్లెయిమ్ వెళ్లాలి. ఎక్కువ తీసుకున్నట్టు తేలితే ఎప్పుడైనా వెనక్కి కట్టాల్సిందే. తక్కువ తీసుకున్నట్టు తేలితే 60 రోజులు దాటాక పెంచి అడగడానికి లేదు, స్టేట్ 36 నెలల్లో ఒక్కసారి మినహాయింపు ఇవ్వగలదు, అంతే. కాబట్టి సెప్టెంబర్ లెక్కని మే నెలలో ఆడిట్ చేస్తే తప్పు దొరకొచ్చు గానీ ఆ డబ్బు దొరకదు, కిచెన్‌కి రావాల్సింది పోయినట్టే. మా దగ్గర ఇప్పుడు ఆగస్టు, సెప్టెంబర్ క్లెయిమ్‌లు నవంబర్ లోపలే చూసేస్తున్నాం, కొత్త క్యాషియర్లు, కొత్త ఫారాలు, కొత్త క్లాసులు, తప్పులన్నీ ఆ రెండు నెలల్లోనే ఉంటాయి. మీరు వెళ్లేటప్పుడు మొదటి లంచ్ బెల్ కంటే పావుగంట ముందు వెళ్లండి, ముందురోజు ఫోన్ చేసి చెప్పకండి, చేతిలో ఒక ట్యాలీ కౌంటర్, ఆ రోజు మెనూ ఉంటే చాలు.